మూడు ఖాళీ గళ్ళు

2023వ సంవత్సరం, వానాకాలం. తాండూరు పరిసరాల్లోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను ఫార్మసిస్టుగా చేరి అప్పటికి నాలుగేళ్ళు నిండాయి. కేంద్రానికి ఒక వైపు నాపరాతి గనులు, మరో వైపు కంది చేలు. కరణ్‌కోట వైపు వెళ్ళే లారీల దుమ్ము మా మందుల అరల మీద రోజూ ఒక పొర పరిచేది. ఉదయం రాగానే దాన్ని తుడవడమే నా మొదటి పని. ఊరి పేరు, మనుషుల అసలు పేర్లు ఇక్కడ రాయడం లేదు. మిగిలినది జరిగింది జరిగినట్టే రాస్తున్నాను, నా తప్పుతో సహా.

ఫార్మసిస్టు అంటే చీటీ చూసి మాత్రలు కవరులో వేసే మనిషి అని చాలామంది అనుకుంటారు. అది మా పనిలో పావు వంతు. రాబోయే మూడు నెలలకు ఏ మందు ఎంత కావాలో అంచనా వేసి వికారాబాద్‌లోని జిల్లా స్టోరుకు రాసి పంపాలి. దాన్ని ఇండెంట్ అంటాం. వచ్చిన సరుకును గడువు తేదీల ప్రకారం సర్దాలి. ఇచ్చిన ప్రతి వస్తువూ ఎవరికి చేరిందో ఇష్యూ రిజిస్టర్‌లో ఎక్కించాలి. పుచ్చుకున్నవారు పెట్టే సంతకాన్ని అక్నాలెడ్జ్‌మెంట్ అంటాం. సంతకం లేకుండా బయటికి పోయిన మందు, ఆడిట్‌కు వచ్చేవారి దృష్టిలో, దొంగిలించిన మందుతో సమానం.

ఈ క్రమశిక్షణ నాకెప్పుడూ బరువనిపించలేదు. మా ఇంట్లో డిగ్రీ వరకు చదివినవారిలో నేనే మొదటివాణ్ణి. మా నాయన గనిలో రాయి కొట్టేవాడు. మస్టరులో పేరు ఎక్కని రోజు పని చేసినా చేయనట్టేనని ఆయన నోట చిన్నప్పుడే విన్నాను. నా మార్కుల మెమోలను మా అమ్మ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఎలుకలకు అందకుండా దూలానికి కట్టేది. కాగితం మీద ఉన్నది నిజం, లేనిది లేదు. ఈ నమ్మకంతోనే చదివాను, దీనితోనే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ నమ్మకమే ఒక అమ్మాయి ప్రాణం మీదికి వస్తుందని నేను ఊహించలేదు.

మా పరిధిలోని రేషన్ కార్డు కుటుంబాల్లో పది నుంచి పందొమ్మిదేళ్ళ ఆడపిల్లలకు ప్రభుత్వం తరఫున శానిటరీ ప్యాడ్లు ఉచితంగా ఇచ్చేవారు. నెలకు ఒక ప్యాకెట్, ప్యాకెట్‌లో ఆరు. జిల్లా స్టోరు నుంచి అవి నాకు వస్తాయి. నేను ఊరూరి ఆశాలకు పంచుతాను. ఆశా అంటే ఊళ్ళోనే ఉండి బాలింతలను, బీపీ రోగులను, చిన్నపిల్లల టీకాలను చూసుకునే ఆరోగ్య కార్యకర్త. పాలిషింగ్ యూనిట్లలో రోజంతా రాయి మోసే తల్లుల ఇళ్ళకు ఆ ప్యాకెట్ ఎంత అవసరమో నాకు తెలుసని అనుకునేవాణ్ణి. నిజానికి నాకు తెలిసింది ప్యాకెట్ల సంఖ్య ఒక్కటే. అట్టపెట్టెలు దించే డ్రైవరు ‘ఏముంది సార్ ఇందులో’ అని అడిగితే ‘దూది’ అని చెప్పిన మనిషిని నేను.

అంతకు ముందు ఏడాది ఆడిట్‌కు వచ్చినవారు ఒక ప్రశ్న వేశారు. ప్యాడ్లు ఆశాకు ఇచ్చినట్టు సంతకం ఉంది, సరే. పిల్లలకు చేరినట్టు రుజువేది? అలాంటి కాగితమేదీ నేను పెట్టలేదు. అప్పటిదాకా ఉద్యోగంలో నా పుస్తకాల మీద పడిన మొదటి ఎర్ర గీత అది. వారం రోజులు అన్నం సహించలేదు. ఆ తర్వాత నేనే ఒక ఫార్మాట్ తయారుచేశాను. ఎడమ వైపు వరుసగా ఆడపిల్లల పేర్లు, వయసులు, పైన అడ్డంగా నెలలు, మధ్యలో గళ్ళు. ప్యాకెట్ తీసుకున్న అమ్మాయి ఆ నెల గడిలో తానే సంతకం చేయాలి. అడుగున లావు అక్షరాలతో మూడు నిబంధనలు పెట్టాను: సంతకం లేనిదే ప్యాకెట్ లేదు, నెలకు ఒక్కటే, ఒకరి బదులు మరొకరు తీసుకోరాదు.

వికారాబాద్‌లో జరిగిన సమీక్ష సమావేశంలో ఒక అధికారి ఆ పత్రాన్ని పైకెత్తి అందరికీ చూపించారు. “ఇదీ పద్ధతంటే” అన్నారు. మిగతా మండలాల ఫార్మసిస్టులు ఫోన్లలో దాని ఫోటో తీసుకున్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో నిలబడే వచ్చాను. కాళ్ళు నొప్పి పుట్టిన సంగతే తెలియలేదు.

మా ఆశాలలో అనంతమ్మ అందరికంటే చురుకైన మనిషి. ఆమె ఆ పత్రాన్ని అట్టకు అంటించి, తన ఇంటి వసారాలో మేకుకు తగిలించి, దారంతో పెన్ను కూడా కట్టింది. ఒకసారి టీకాల పని మీద ఆ ఊరు వెళ్ళినప్పుడు చూసి మెచ్చుకున్నాను.

“పిల్లలే వచ్చి దస్కతు పెట్టి పోతున్రు సారూ. ఇల్లిల్లు తిరిగే బాధ తప్పింది” అన్నది ఆమె.

ఆ వసారాలోనే బీపీ మాత్రల కోసం ముసలివాళ్ళు కూర్చుంటారు. తూకానికి తెచ్చిన పసిపిల్లలతో తల్లులు కూర్చుంటారు. ఎదురుచూసే మనిషి కంటి ముందు అక్షరం ఉంటే చదువుతాడు, గళ్ళు ఉంటే లెక్కపెడతాడు. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు.

సెప్టెంబరు మొదటి మంగళవారం ఆశాల నెలవారీ సమావేశం ముగిసింది. అందరూ మందులు తీసుకుని వెళ్ళిపోయినా అనంతమ్మ మాత్రం స్టోరు గుమ్మం దగ్గరే నిలబడింది.

“సారూ, కడుపు ఉన్నదా లేదా చూస్తరు గదా, ఆ కిట్టు ఒకటియ్యిండ్రి. పేరు మాత్రం రాయకుండ్రి.”

గర్భ నిర్ధారణ కిట్ కూడా రిజిస్టర్‌లో ఎక్కే వస్తువే. “పేరు లేకుండా ఎట్ల ఇస్తనమ్మా? ఎవరికి?” అన్నాను.

“పెండ్లిగాని పిల్లకు.”

నా చేతిలో పెన్ను ఆగింది. ఆమె నా ముఖంలోకి చూసి, సంచి భుజాన వేసుకుంది.

“ఇయ్యకుంటే పాయె. మీ కితాబు మీకు ముద్దు. గని రేపు పొద్దుగాల ఫస్టు బస్సుకు ఆ పిల్లను కర్ణాటక దిక్కు తోలుకపోతున్రు. ఎవరో నాటుమందిచ్చే ముసల్ది ఉన్నదంట. తాగిస్తె కడుపు కడిగినట్టు పోతదంట. నాకు భయమైతుంది సారూ. పిల్ల మొకంల నెత్తురు సుక్క లేదు.”

“ఏ పిల్ల?”

“బసమ్మ బిడ్డ, శివలీల.”

ఆ అమ్మాయి నాకు తెలుసు. బసమ్మ పాలిషింగ్ యూనిట్‌లో కూలికి పోతుంది. భర్త సిమెంటు ట్యాంకర్ నడుపుతూ నెలకు రెండుసార్లు ఇంటికి వస్తాడు. ఇంట్లో ఏ నిర్ణయమైనా భర్త అన్న సాయన్న చేస్తాడు. రెండు కుటుంబాలకూ ఒకే వాకిలి. శివలీలకు పదిహేడేళ్ళు; తాండూరులో ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. ఒకసారి వాళ్ళ అమ్మకు మందులు తీసుకోవడానికి వచ్చి, నర్సింగ్‌లో చేరాలంటే ఎన్ని మార్కులు కావాలని అడిగింది. వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి తానేనని చెప్పింది. ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

“కడుపని ఎవరన్నరు?” అని అడిగాను.

“ఎవరనుడేంది సారూ? మీ అట్ట చెప్పబట్టె.”

నెలవారీ సమావేశంలో నాకు చూపించాలి గనుక అట్టను ఆమె సంచిలో తెచ్చింది. తీసి బల్ల మీద పెట్టింది. శివలీల పేరుకు ఎదురుగా మే నెల గడిలో చక్కటి సంతకం ఉంది. జూన్, జూలై, ఆగస్టు ఖాళీ. వసారాలో కూర్చున్న ఎవరో ఆడమనిషి మొదట ఆ మూడు గళ్ళను చూసి, పక్కామెకు చూపించిందట. వారంలో ఊరంతా పాకింది. సాయన్న వచ్చి స్వయంగా అట్ట చూసుకుని, ఆ రోజే అమ్మాయి ఫోన్ లాక్కుని, కాలేజీ మాన్పించాడట.

నేనూ నమ్మాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. మూడు ఖాళీ గళ్ళు చూడగానే నా మనసు కూడా ఊరివాళ్ళు నడిచిన దారినే నడిచింది. ఆ తర్వాత కలిగిన భయం కూడా ఆ అమ్మాయి గురించి కాదు. రేపు ఏదైనా జరిగితే ఈ పత్రం మీద నా పేరు ఉందే అన్నది మొదటి భయం. అమ్మాయి గుర్తుకు రావడానికి మరో నిమిషం పట్టింది.

మా మెడికల్ ఆఫీసర్, అంటే కేంద్రానికి పెద్ద డాక్టరు, ఒక మహిళ. అనంతమ్మను, వద్దంటున్నా, మేడం గదిలోకి తీసుకెళ్ళాను. డాక్టరుకు తెలిస్తే పోలీసు కేసవుతుందని ఆ కుటుంబం భయపడుతోందని అనంతమ్మ చెప్పింది. మేడం ఓపికగా విని, అట్టను తన వైపు తిప్పుకున్నారు.

“జూన్‌లో ఈ అమ్మాయి ప్యాకెట్ ఎందుకు తీసుకోలేదో ఎవరైనా అడిగారా?”

అనంతమ్మ నా వైపు చూసింది.

“ఈ పత్రం ఎవరు తయారుచేశారు?”

“నేనే మేడం.”

“అయితే మీరే వెళ్ళండి. అనంతమ్మతో కలిసి వెళ్ళి, ఏం చెప్తారో చెప్పి, అమ్మాయిని ఇక్కడికి తీసుకురండి. కిట్ అక్కడ వాడకండి. నేను లేవకుండా ఇక్కడే ఉంటాను.”

మధ్యాహ్నం పన్నెండు దాటింది. అట్టను మళ్ళీ సంచిలో పెట్టుకున్న అనంతమ్మను బండి మీద కూర్చోబెట్టుకుని బయలుదేరాను. ఆరు కిలోమీటర్ల దారి. ఆ ఆరు కిలోమీటర్లలో నా మనసు ఒక్క మంచి సంగతి కూడా ఊహించలేదు. ఆ ముసలామె మందు రేపటిదాకా ఆగకుండా ఇప్పటికే ఎవరి ద్వారానో తెప్పించి ఉంటే? సాయన్న తలుపు వేసుకుంటే? ఆడపిల్ల సంగతి మాట్లాడడానికి మగవాడు ఇంటికి వచ్చాడని ఊరు ఇంకో కథ కడితే? వెనుక కూర్చున్న అనంతమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషి ఆమె. అందుకే నాకు మరింత భయమేసింది.

సాయన్న వాకిట్లో నాపరాతి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, తువ్వాలు భుజాన.

“మందుల సారు ఇంటిదాక వచ్చిండంటే ఏమో ఉన్నట్టే” అన్నాడు, లేవకుండానే.

అనంతమ్మ నేరుగా లోపలికి వెళ్ళింది. నేను అరుగు అంచున కూర్చుని, డాక్టరు మేడం అమ్మాయిని ఒకసారి చూస్తానన్నారని చెప్పాను.

“సూసుడేముంది సారూ? సర్కారు కాయితమే సూపెట్టింది. నేను సదువుకోలె గని గళ్ళు లెక్కవెట్టనొస్తది. మూడు నెల్లు.” గొంతు తగ్గించాడు. “మా ఇంటి ఇజ్జత్ మేం సూసుకుంటం. మీరు పోండ్రి.”

లోపల బసమ్మ ఏడుపు వినిపించింది. అనంతమ్మ గొంతు మెల్లగా ఏదో అడుగుతోంది. కొంతసేపటికి శివలీల తానే గుమ్మంలోకి వచ్చింది. తలుపు చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆమె పెదవులు పాలిష్ పట్టని నాపరాయి రంగులో ఉన్నాయి. చట్రం మీది వేళ్ళ గోళ్ళు తెల్లగా ఉన్నాయి. నాలుగేళ్ళుగా గర్భిణులకు ఐరన్ మాత్రలు ఇస్తున్నవాణ్ణి. రక్తహీనత ఎలా ఉంటుందో నాకు కొత్త కాదు. నిలబడి ఉన్న మనిషిలో అంత తెల్లదనం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

“సారూ,” అన్నది, “నాకు రాక కాదు. ఆగక.”

ఆమె అనంతమ్మ వైపు తిరిగింది.

“మే నెల్ల రెండో ప్యాకెట్ అడిగిన అత్తా, యాదికున్నదా? ఒక్కటి ఒకటిన్నర దినానికే అయిపాయె. నువ్వేమన్నవ్? దస్కతు అయిపాయె బిడ్డా, సారు రూలు, వచ్చే నెల రా అన్నవ్. ఆడ కూసున్నామె, గన్ని ఏం జేస్తది, అమ్ముకుంటదా అని నవ్వింది. నలుగురు నవ్విన్రు. గప్పటిసంది నేను రాలె. అమ్మ పాత చీరెలు చింపుకున్న. ముందుగాల పది దినాలు, తర్వాత ఇరవై. ఇప్పుడు ఆగుతనే లేదు.”

అనంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అప్పుడే నాకెందుకు చెప్పకపోతివే?” అని బసమ్మ అరిచినంత పని చేసింది.

“చెప్తె దవాఖానకు తోలుకపోతవు, నీ కూలి పోతది. పెద్దనాయిన రోగపు పిల్లకు సదువెందుకని కాలేజీ బంద్ జేపిస్తడు. నువ్వు పనికి పోయినంక ఉతికి, గోనెసంచి కింద ఆరేసిన.” ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. “కాలేజీ ఎట్లయినా బందాయె. కడుపు కాదని వారం దినాల సంది చెప్తనే ఉన్న. ఎవ్వరు నమ్ముతలేరు.”

సాయన్న తల అడ్డంగా ఊపాడు. “దొరికినంక గట్లనే అంటరు. కాయితం అబద్ధమాడతదా?”

రుజువు లేనిదే ఏదీ మాట్లాడని మనిషిని నేను. నా దగ్గర ఉన్న ఒకే ఒక్క రుజువు ఆ అమ్మాయికి వ్యతిరేకంగా ఉంది. దాన్ని తయారుచేసింది నేను.

“కాయితం తప్పు సాయన్నా. అది గీసింది నేనే. ఖాళీ గడి అంటే ఆ నెల మేం ప్యాకెట్ ఇయ్యలేదని. అంతే. ఇంక దాంట్ల ఏం లేదు.”

“మీరు సదువుకున్నోళ్ళు సారూ. మొన్నటిదాక గదే నిజం, ఇయ్యాల గదే తప్పు. ఇప్పుడేది నమ్మాలె మేము?”

అనంతమ్మ తన సంచిలోంచి అట్టను బయటికి లాగింది. కళ్ళు తుడుచుకుంటూనే సాయన్న ముందుకు వెళ్ళి, ఒక పేరు మీద వేలు పెట్టింది.

“సరే సాయన్నా. కాయితమే నిజమనుకుందాం. గీ పేరెవరిది? నీ చిన్నబిడ్డదే గదా? పదకొండేండ్లు. పోయిన యాడాది సంది ఒక్క నెల తప్పలే, ముత్యాల లెక్క దస్కతులు. మరి ఎప్పుడైంది పెద్దమనిషి? సప్పుడు జేయకుంట జేసినవా ఫంక్షను? కూసోబెట్టిన నాడు మమ్ముల బువ్వకన్న పిలువకపోతివి!”

ప్రహరీ అవతల నుంచి తొంగి చూస్తున్న ఒకామె ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. మా దిక్కు ఆడపిల్ల పెద్దమనిషైతే పందిరి వేసి, బంధువులను పిలిచి, పసుపు నీళ్ళు పోసి చేసే వేడుక దాచితే దాగేది కాదు. సాయన్న చిన్న కూతురు ఇంకా పెద్దమనిషి కాలేదని ఊరందరికీ తెలుసు. పథకం వయసును బట్టి ఇస్తుంది గనుక పదేళ్ళు నిండగానే ఆమె పేరు ఎక్కింది, నెలనెలా ప్యాకెట్ వెళ్ళింది.

సాయన్న భార్య వంటింటి గుమ్మం దగ్గర నుంచి తల వంచుకుని అన్నది: “గవి నేను వాడుకుంటున్న.”

సాయన్న అట్టను చేతికి తీసుకున్నాడు. అతను చదవలేడు. తన కూతురి పేరు ఎదుట నిండుగా ఉన్న గళ్ళ మీద, తర్వాత శివలీల పేరు ఎదుట ఖాళీ గళ్ళ మీద వేలు నడిపాడు. నిండిన గడి అబద్ధమైనప్పుడు ఖాళీ గడి కూడా అబద్ధం కావచ్చునని అతనికి నేను వివరించలేదు. నేను వివరించి ఉంటే అంత బాగా అర్థమయ్యేది కాదు.

అతను లేచాడు. “ఆటో తెస్త” అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాడు.

కేంద్రానికి చేరేసరికి శివలీల తల బసమ్మ ఒడిలో వాలిపోయి ఉంది. మేడం అమ్మాయి కింది కనురెప్పలు లాగి చూసి, హిమోగ్లోబిన్ పరీక్ష చేశారు. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థం ఎంత ఉందో అది చెబుతుంది. ఆడవారికి కనీసం పన్నెండు ఉండాలి. ఐదు కూడా లేదు. గర్భం కిట్ కూడా ఆమే చూశారు, అలాంటిదేమీ లేదు.

“నాటుమందు ఏదైనా తాగించారా? నిజం చెప్పాలి” అన్నారు.

“లేదమ్మా. రేపు పోదామనుకున్నం” అన్నది బసమ్మ.

మేడం పెన్ను అందుకున్నారు. పెద్దాసుపత్రికి పంపేటప్పుడు రాసే రెఫరల్ స్లిప్ మీద ఆమె చేతిరాత ఎప్పుడూ లేనంత వేగంగా పరిగెత్తింది. అంబులెన్స్ వచ్చింది. తాండూరు ఆసుపత్రికి నేను వెనుక బండి మీద వెళ్ళాను.

ఆ మధ్యాహ్నం అక్కడ ఎదురుచూసిన మూడు గంటలను ఇప్పటికీ తలచుకోలేను. రక్తం గ్రూపు చూశారు. సరిపోయేది ఆసుపత్రిలో అప్పటికి లేదు, తెప్పిస్తున్నామన్నారు. సాయన్న గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. గ్రూపు కలిస్తే తన రక్తం తీసుకోమని వచ్చిన ప్రతి నర్సునూ అడిగాడు. నేను ఫార్మసిస్టుని, ఐదుకు తక్కువ అంటే గుండె ఎంత శ్రమ పడుతుందో పుస్తకాల్లో చదివినవాణ్ణి. తెలియనివాళ్ళు కనీసం ఆశ పడగలరు. వార్డు తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను లేచి నిలబడేవాణ్ణి. సాయంత్రం ఐదున్నరకు మొదటి రక్తం సంచి వేలాడదీశారు. రెండోది ఎక్కుతుండగా శివలీల పెదవుల్లో రంగు తిరిగి వచ్చింది. నర్సు నాతో మెల్లగా చెప్పింది: “మీరు రేపు తెచ్చి ఉంటే మేం చేసేదేమీ ఉండకపోవచ్చు.”

అధిక రక్తస్రావానికి కారణం థైరాయిడ్ లోపమని తర్వాతి పరీక్షల్లో తేలింది. మాత్రలతో అదుపులోకి వచ్చే జబ్బు. రోజూ ఉదయం పరగడుపున ఒక చిన్న మాత్ర.

మూడో రోజు చూడడానికి వెళ్ళాను. సాయన్న అంతకు ముందే బ్రెడ్డు, కొబ్బరిబోండం తెచ్చి పెట్టి వెళ్ళాడట. శివలీల లేచి కూర్చుని ఉంది. నేను క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. మాటలు ముందే కూర్చుకుని పెట్టుకున్నాను. అవి చెప్పే అవకాశం ఆమె ఇవ్వలేదు.

“సారూ, ఒక్కటి అడుగుతా?”

“అడుగమ్మా.”

“నేను వారం దినాలు చెప్పిన. ఎవ్వరు నమ్మలె. మీరు వచ్చి కాయితం తప్పని కాయితంలనే చూపెడితె ఆటో వచ్చింది. నా ఒళ్ళు గురించి నా మాట కన్న మీ కాయితం మాటే పెద్దదా?”

‘కాలేజీకి ఎప్పటినుంచి’ అని మాత్రం అడిగాను. “సోమవారం” అన్నది. “పెద్దనాయినే బస్సెక్కిస్త అన్నడు.”

ఆ వారంలోనే మా పరిధిలోని అన్ని ఊళ్ళ నుంచి అట్టలు తెప్పించాను. వాటి బదులు ఊరికి ఒక్క అంకె మాత్రమే రాస్తున్నాం: ఈ నెల ఇన్ని ప్యాకెట్లు వచ్చాయి, ఇన్ని వెళ్ళాయి, ఇన్ని మిగిలాయి. పేర్లు లేవు, సంతకాలు లేవు. రెండో ప్యాకెట్ అడిగిన అమ్మాయిని ఎందుకని అడగకూడదు; ఇచ్చి, ఎన్ని రోజులుగా వస్తోందని మాత్రం చాటుగా అడగాలి. రెండు నెలలు వరుసగా రెండేసి అడిగితే డాక్టరు దగ్గరికి తీసుకురావాలి. ఈ చివరి మాట అనంతమ్మ చెప్పింది, నేను రాశాను.

ఆ తర్వాత వికారాబాద్ వెళ్ళాను. ఏ గదిలో నా ఫార్మాట్‌ను మెచ్చుకున్నారో అదే గదిలో, దాన్ని జిల్లా అంతటా ఆపాలని లిఖితపూర్వకంగా కోరాను. అక్కడి అధికారి మంచి మనిషే. ఉత్తరం రెండుసార్లు చదివారు.

“మీరే తెచ్చారు, మీరే వద్దంటున్నారు. రేపు ఆడిట్ అడిగితే ఏం చూపిస్తాం?”

“ఒకటి రెండు ప్యాకెట్లు లెక్క తేలకపోతే ఎర్ర గీత పడుతుంది సార్. ఆ గీత నా మీద పడనివ్వండి” అన్నాను. నేను ధైర్యవంతుణ్ణి కాను. ఆ మాట అన్నాక నెల రోజులు మెమో వస్తుందేమోనని తపాలా సంచి చూసుకుంటూనే ఉన్నాను.

మా కేంద్రం వరకు అనుమతి ఇచ్చారు. మిగతా చోట్లకు పైనుంచి ఆదేశం రావాలన్నారు. ఆదేశం ఇంకా రాలేదు. అప్పుడు ఫోటో తీసుకున్న ఫార్మసిస్టులకు నేనే ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. పదకొండు మంది. జరిగినది పేర్లు లేకుండా చెప్పాను. ఎనిమిది మంది వెంటనే అట్టలు తీసేశారు. ముగ్గురు ‘చూస్తాం సార్’ అన్నారు.

శివలీల ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఈ కేసు నాకు నేర్పినది ఎవరైనా యువ ఫార్మసిస్టు అడిగితే ఇలా చెబుతాను. వస్తువు చేరిందో లేదో తెలుసుకోవడం మన పని. మనిషి శరీరంలో ఏం జరుగుతోందో గోడకు రాసి పెట్టడం మన పని కాదు. పేదవారికి ఉచితంగా ఇచ్చే దానికి బదులుగా వారి గుట్టు అడుగుతున్నామా అని ప్రతి గడి గీసే ముందు ఆలోచించాలి. ఆ కాగితం ఎక్కడ వేలాడుతుంది, దాని ముందు ఎవరు కూర్చుంటారు అన్నది ఆఫీసులో కాదు, అనంతమ్మ లాంటి మనిషిని అడిగి తెలుసుకోవాలి. గడి ఖాళీగా కనిపిస్తే అర్థం చెప్పుకోవద్దు. వెళ్ళి అడగాలి, అడిగాక ఆ అమ్మాయి చెప్పింది నమ్మాలి.

ఆ ముగ్గురికీ నెలకోసారి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఇప్పటికీ ‘చూస్తాం’ అనే అంటున్నారు. వారి ఊళ్ళలో, ఏదో ఒక వసారాలో, నా చేత్తో గీసిన వరుసల్లో ఈ నెల ఏ గడి ఖాళీగా ఉందో నాకు తెలియదు. దాన్ని ఎవరు లెక్కపెడుతున్నారో కూడా తెలియదు.